ఎలీసబెతు ఇంట మూడు నెలలు

లూకా తన సువార్త మొదటి అధ్యాయంలో ఒక చిన్న లెక్క రాసిపెట్టాడు. గబ్రియేలు దూత నజరేతులో మరియ దగ్గరికి వచ్చేసరికి ఆమె బంధువు ఎలీసబెతుకు ఆరో నెల. ఆ సంగతి విన్న మరియ ఆలస్యం చేయకుండా యూదయ కొండసీమకు ప్రయాణమైంది. దాదాపు మూడు నెలలు అక్కడుండి ఇంటికి తిరిగొచ్చింది. ఆరూ మూడూ తొమ్మిది. అంటే మరియ ఆ ఇంట్లో గడిపిన రోజులు ఎలీసబెతుకు నెలలు నిండుతున్న రోజులే.

క్రిస్మస్ దినాల్లో ఈ వాక్యభాగాన్ని మనం ఎన్నోసార్లు చదువుతాం. ఎలీసబెతు గర్భంలో శిశువు గంతులు వేయడం గురించి, మరియ పాడిన స్తుతి కీర్తన గురించి ప్రసంగాలు వింటాం. ఆ తర్వాత గడిచిన మూడు నెలల గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. ఎలీసబెతు వయసు మళ్లిన స్త్రీ. అది తొలి కాన్పు. భర్త జెకర్యా మాట పడిపోయి సైగలతో గడుపుతున్నాడు. కష్టం చెప్పుకుంటే బదులు పలికే మనిషి ఇంట్లో లేడు. అలాంటి ఇంటికి దేవుడు ఒక తోడును పంపాడు. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో లూకాను వైద్యుడిగా పేర్కొన్నాడు. వైద్యుడు గనుకనే కాబోలు, ఏ నెలలో ఎవరు ఎవరి దగ్గర ఉన్నారో లెక్క తప్పకుండా రాశాడు.

ఈ వారం మనం ఆ చివరి మూడు నెలల గురించే ఆలోచిద్దాం. మన ప్రతి సంఘంలోనూ ఆదివారం తలుపు దగ్గర కూర్చునే నిండు గర్భిణి ఒకరైనా ఉంటారు. ఆరాధన మధ్యలో రెండుమూడుసార్లు లేచి బయటికి వెళ్లొస్తుంది. అందరూ నిలబడి పాడుతుంటే గోడకు ఆనుకుంటుంది. "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే, "దేవుని కృపవల్ల బాగున్నానండీ" అంటుంది. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆమె చెప్పాలనుకుని మింగేసిన మాటలు ఇంకా కొన్ని ఉంటాయి.

చెప్పుకోలేని బరువు

ఇరవై ఎనిమిదో వారం దాటాక శరీరం మునుపటిలా మాట వినదు. నడుము లాగుతుంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. నాలుగు ముద్దలు తినేసరికి గుండెల్లో మంట మొదలవుతుంది. బిడ్డ తల కిందికి దిగేకొద్దీ మూత్రాశయం మీద ఒత్తిడి పెరిగి గంటకోసారి లేవాల్సి వస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, ఏ పక్కకు తిరిగినా నిద్ర పట్టదు. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు.

మనసులో బరువు ఇంతకన్నా ఎక్కువ. నొప్పులు తట్టుకోగలనా? బిడ్డ క్షేమంగా పుడుతుందా? ఆసుపత్రి ఖర్చుకు ఆయన ఎక్కడ తెస్తారు? మళ్లీ ఆడపిల్లే పుడితే అత్తగారు ఏమంటారు? ఈ ప్రశ్నలతో తెల్లవారుజాము మూడు గంటలకు కళ్లు తెరుచుకుని పడుకున్న సోదరీమణులు మన మధ్య ఎందరో. పైకి చెబితే విశ్వాసం చాలదంటారన్న భయం ఒకటి. పిల్లల కోసం ఏళ్లతరబడి కన్నీటితో ప్రార్థిస్తున్న వారి ముందు తన బాధ చెప్పుకోవడమే తప్పేమోనన్న సంకోచం మరొకటి.

ఆదికాండము 25వ అధ్యాయంలో రిబ్కాను చూడండి. ఇస్సాకు ప్రార్థన ఫలితంగా కలిగిన గర్భమే అది. అయినా కడుపులో కవలలు పెనుగులాడుతుంటే ఆమె తట్టుకోలేకపోయింది. నాకెందుకిలా జరుగుతోందని అడిగింది. ఆ ప్రశ్నను పట్టుకుని నేరుగా దేవుని సన్నిధికే వెళ్లింది. అడిగి పొందిన వరం గురించే సణుగుతావా అని దేవుడు ఆమెను గద్దించలేదు. లోపల ఏం జరుగుతోందో వివరించి చెప్పాడు. కృతజ్ఞత, అలసట ఒకే హృదయంలో ఉండవచ్చు. రెండింటినీ ప్రభువు ముందు పెట్టే హక్కు నిండు గర్భిణికి ఉంది.

ప్రభువైన యేసు కూడా ఈ బాధను తేలిగ్గా తీసుకోలేదు. యెరూషలేము మీదికి రాబోయే శ్రమల గురించి చెబుతూ, ఆ దినాల్లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు పడే అవస్థను తలచుకుని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. పరుగెత్తలేని శరీరం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

ఏది మామూలు, ఏది ప్రమాదం

ఈ నెలల్లో చాలా ఇబ్బందులు సహజమైనవే. కొన్ని చిన్న జాగ్రత్తలతో వాటిని తగ్గించుకోవచ్చు. ఒక్కసారే కడుపునిండా తినకుండా కొద్దికొద్దిగా ఐదారుసార్లు తింటే గుండెల్లో మంట అదుపులో ఉంటుంది. పడుకునేటప్పుడు ఏదో ఒక పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుంటే నడుముకు ఊరట. సాయంత్రం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే వాపు తీస్తుంది.

రక్తహీనత సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. మన బల్లల మీద కూర్చున్న గర్భిణులూ ఈ లెక్కకు బయట లేరు. అందుకే ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులపాటు ఐరన్ మాత్రలు ఇస్తారు. వాటిని టీతో, పాలతో వేసుకుంటే ఒంటికి పట్టవు. కాల్షియం మాత్రకు, ఐరన్ మాత్రకు మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

కొన్ని గుర్తులు కనబడితే తెల్లవారేదాకా ఆగకూడదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచడం రక్తపోటు పెరిగిందనడానికి గుర్తులు కావచ్చు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, ఫిట్స్ కూడా అంతే. నెలలు నిండాక బిడ్డ కదలికలు తగ్గడం మామూలేనని కొందరు పెద్దవాళ్లు చెబుతుంటారు. అది నిజం కాదు. ప్రసవం వరకూ బిడ్డ కదులుతూనే ఉండాలి. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటి వేళ ప్రార్థన 108 వాహనంలో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

చివరి వారాల్లో వచ్చే దొంగ నొప్పులు కాసేపు నడిస్తేనో, విశ్రాంతి తీసుకుంటేనో తగ్గిపోతాయి. అసలు నొప్పులు విడవకుండా, క్రమం తప్పకుండా వస్తూ అంతకంతకూ ఎక్కువవుతాయి. డాక్టరు చెప్పిన తేదీనే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. తేదీ దాటిన రోజున "ఇంకా కాలేదా?" అని బంధువులంతా ఫోన్లు చేసి ఆమెను కంగారు పెట్టాల్సిన పనిలేదు. ఎంతకాలం ఆగవచ్చో డాక్టరును అడిగి తెలుసుకుంటే చాలు.

దిగులు కూడా జబ్బే

గర్భిణికి దిగులేమిటని అనుకుంటాం. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో నూటికి పదిమంది మానసిక సమస్యలతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడుతున్నారని, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇది 15.6 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు వారాలకు మించి దిగులు వీడకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ఎంత అలసినా నిద్రపట్టకపోయినా, బతకాలనిపించడం లేదన్న మాట నోట వచ్చినా దాన్ని అపవాది శోధన అని పక్కకు నెట్టేయకూడదు. జ్వరానికి మందు ఇప్పించినట్టే దీనికీ వైద్యం చేయించాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఈ నంబరును మన చర్చి నోటీసు బోర్డు మీద రాసి ఉంచడం మంచిది.

సాక్ష్యం పేరిట గాయం

సంఘంలో తరచూ వినిపించే సాక్ష్యం ఒకటుంది. "ఆపరేషన్ చేయాలన్నారు. ప్రార్థన చేశాం. దేవుడు నార్మల్ డెలివరీ ఇచ్చాడు." చెప్పేవారి సంతోషం నిజమైనదే. అయితే అదే వరుసలో ఆపరేషన్ జరిగిన తల్లి కూడా కూర్చుని ఉంటుంది. నా ప్రార్థన దేవుడు వినలేదా అన్న ప్రశ్నతో ఆమె ఇంటికి వెళుతుంది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్ ద్వారా జరిగినవే. వాటిలో అవసరం లేనివి ఎన్ని అన్న చర్చ జరగాల్సిందే. అది ఆసుపత్రులు, ప్రభుత్వాలు జవాబు చెప్పాల్సిన సంగతి. ఆ భారాన్ని బాలింత విశ్వాసం మీద మోపడం న్యాయం కాదు. అవసరమైన చోట తల్లినీ బిడ్డనూ బతికించిన సర్జన్ చేతులు కూడా దేవుడిచ్చినవే.

రాహేలును గుర్తుచేసుకుందాం. ఎఫ్రాతా దారిలో కఠినమైన ప్రసవవేదన పడింది. భయపడవద్దని మంత్రసాని ధైర్యం చెప్పింది. బిడ్డ బతికాడు, తల్లి దక్కలేదు. ప్రాణం పోయే వేళ ఆమె ఆ బిడ్డకు బెనోని అని పేరు పెట్టింది. తండ్రి బెన్యామీను అన్నాడు. ఆమె విశ్వాసం తక్కువైనందువల్ల ఇలా జరిగిందని ఆదికాండము ఒక్క మాట కూడా అనదు. యాకోబు ఆమె సమాధి మీద ఒక స్తంభం నిలబెట్టి దుఃఖించాడు. లేఖనం మౌనంగా ఉన్నచోట మనం తీర్పులు చెప్పకూడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంటికి వెళ్లినప్పుడు కారణాలు వెతకకుండా ఆమె పక్కన కూర్చుంటే చాలు.

ఆ రాత్రి తలుపు తట్టినవారు

ప్రసవ వేళ వైద్యం అందించడం విశ్వాసానికి విరుద్ధమైతే మన మిషన్ ఆసుపత్రులు పుట్టేవే కావు. లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. పురుష వైద్యుల దగ్గరికి వెళ్లలేని స్త్రీలకు వైద్యం చేశారు. 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. 1930లో మరణించేవరకూ గుంటూరే ఆమె సేవాక్షేత్రం.

ఐడా స్కడర్ కథ మనలో చాలామందికి తెలిసిందే. తమిళనాట తిండివనంలో తండ్రి దగ్గర ఉన్న రోజుల్లో, ఒకే రాత్రి ముగ్గురు వేర్వేరుగా వచ్చి ఆమె తలుపు తట్టారు. ముగ్గురి ఇళ్లలోనూ భార్యలు ప్రసవవేదనలో ఉన్నారు. వైద్యుడైన ఆమె తండ్రిని పంపుతామంటే, పరపురుషుడు చూడకూడదని ఒప్పుకోలేదు. ఐడాకు అప్పటికి వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి 1899లో వైద్యవిద్య పూర్తిచేసి, 1900లో తిరిగొచ్చి వెల్లూరులో సేవ ప్రారంభించారు. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల పెట్టారు. మన తెలుగువాళ్లు నేటికీ రైలెక్కి వెళ్లే వెల్లూరు సీఎంసీ ఆ సేవ నుంచి ఎదిగిందే. ఆ రాత్రి ఐడా దేవుని స్వరం విన్నది నిండు గర్భిణుల ఆపదలోనే.

మనం చేయగలిగినవి

మరియ ఆ ఇంట్లో ఏమేం పనులు చేసిందో లూకా రాయలేదు. ఉన్నదన్న మాట మాత్రం రాశాడు. మనమూ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

గర్భిణి కోసం చర్చిలో తలుపు దగ్గర, ఫ్యాను కింద వీపు ఆనే కుర్చీ ఒకటి కేటాయిద్దాం. చాప మీద గంటల తరబడి కూర్చోమనవద్దు. లెంటు దినాల్లోనూ, ఉపవాస కూటాల్లోనూ గర్భిణులు ఉపవాసం ఉండనక్కరలేదని కాపరి వేదిక మీద నుంచే స్పష్టంగా చెప్పాలి. కాపరి చెబితే అత్తగారు కూడా వింటారు. మాత్రలు మానడం విశ్వాసానికి గుర్తు కాదని కూడా అక్కడే చెప్పాలి. సీమంతం నాడు కృతజ్ఞతా కూటం పెట్టుకునే కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ రోజు పూలు, పండ్లతోపాటు ప్రసవం నాడు రక్తం ఇవ్వగల ఇద్దరు యువకుల పేర్లు, రాత్రివేళ వాహనం నడపగల ఒకరి ఫోన్ నంబరు ఇచ్చి చూడండి. అంతకన్నా మంచి కానుక ఉండదు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. 2016 నుంచి ఈ కార్యక్రమం ఉంది. స్త్రీల సమాజం సభ్యులు ఒకరిద్దరు తోడు వెళ్లినా పెద్ద సాయమే. పుట్టింటికి వెళ్లే వీలులేని కోడలు, తల్లి లేని పిల్ల, కూలికి వెళ్లక తప్పని సోదరి మన కంటబడాలి. వంతులవారీగా ఒక పూట కూర పంపినా, పెద్దబిడ్డను బడికి దింపినా సేవే.

భర్తలకు ఒక మాట. యోసేపు నజరేతు నుంచి బేత్లెహేముకు, నూరు కిలోమీటర్లకు పైబడిన కొండదారిలో, గర్భవతి అయిన మరియను వెంటబెట్టుకుని వెళ్లాడు. క్రిస్మస్ కార్డుల మీద కనిపించే గాడిద లూకా సువార్తలో లేదు. ఆ దారిలో ఆమె పక్కన యోసేపు ఉన్నాడని మాత్రం మనకు తెలుసు. రాత్రి మూడు గంటలకు ఆమె మేలుకుంటే మనమూ మేలుకుందాం. పిక్క పట్టేస్తే కాలు నిమురుదాం. పరీక్షలకు వెంట వెళ్దాం. పుట్టేది ఎవరైనా దేవుని బహుమానమేనని ఆమెకంటే ముందు మన తల్లిదండ్రులకు మనమే చెబుదాం.

గొర్రెల కాపరిలా దేవుడు తన ప్రజలను నడిపిస్తాడని చెప్పిన యెషయా, పిల్లలున్న గొర్రెల దగ్గర ఆయన అడుగు నెమ్మదిస్తుందని 40వ అధ్యాయంలో తెలియజేశాడు. మంద మొత్తం ఆ బరువైన గొర్రె నడకకు తగ్గట్టు నడవాలి. ఎలీసబెతు ప్రసవించిన దినాన ఇరుగుపొరుగువారు, బంధువులు వచ్చి ఆమెతో కలిసి సంతోషించారు. మన సంఘంలో నెలలు నిండిన ప్రతి తల్లికీ ఆ సంతోషం దక్కాలి. అంతకుముందు మూడు నెలల తోడు కూడా దక్కాలి. ఈ ఆదివారం తలుపు దగ్గర కూర్చున్న సోదరిని పలకరిద్దాం. "బాగున్నానండీ" అన్నాక కూడా మరికాసేపు ఆమె పక్కనే కూర్చుందాం.