తొమ్మిది నెలల సంరక్షణము: గ్రామమునకును, ఆసుపత్రికిని నడుమ

ప్రసవము ఒక్క దినపు పని. గర్భధారణము తొమ్మిది నెలల పని. ఆ ఒక్క దినమునకై మనము పెద్ద ఆసుపత్రులను కట్టించుకొంటిమి, వాహనములను సమకూర్చుకొంటిమి. తొమ్మిది నెలలను ఎవరికి అప్పగించితిమో మాత్రము మనకే స్పష్టముగా తెలియదు. గ్రామమందలి నర్సు కొంత చూచును. పట్టణమందలి వైద్యురాలు కొంత చూచును. ఒకరు చూచినది మఱియొకరికి తెలియకుండ గర్భిణి వారిద్దరి నడుమ తిరుగుచుండును. ఈ రెండింటిని కలిపి ఒక్క సంరక్షణముగా చేయుటెట్లు? నేడు ప్రతి కుటుంబమును ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

ఇంతవరకు సాధించిన మేలును ముందుగా ఒప్పుకొనవలెను. ఈ దేశమున ఏటేట సుమారు 2 లక్షలమంది స్త్రీలు గర్భ ప్రసవ కారణములచేత మరణించుచున్నారని 1946లో భోర్ సంఘము తన నివేదికయందు అంచనా వేసెను. 2018-20 సంవత్సరముల నమూనా నమోదు లెక్కలనుబట్టి లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు దేశమంతటను 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. 2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము రెండు రాష్ట్రములందును నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. ఇది సామాన్యమైన మార్పు గాదు.

అయినను ఆ పరిశీలనముననే మఱి రెండు లెక్కలు కలవు. గర్భిణులలో రక్తహీనత గలవారు తెలంగాణమున నూటికి 53.2; ఆంధ్రప్రదేశమున 53.7. శస్త్రచికిత్సచేత జరిగిన కాన్పులు తెలంగాణమున నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4, దేశపు సగటు 21.5 మాత్రమే. అవసరమైనచోట శస్త్రచికిత్స ప్రాణదాత, దానిని నిందింపరాదు. కాని ఆసుపత్రి గడప త్రొక్కినంతమాత్రమున సంరక్షణము పూర్తికాదని ఈ లెక్కలు చాటుచున్నవి. రక్తహీనత కాన్పుదినమున పుట్టునది గాదు. ఆ దినమున తీరునదియు గాదు. నెలల తరబడి ఇనుము మాత్రలు వాడించి, మరల మరల రక్తము పరీక్షించి సరిచేయవలసిన లోపమది. కాన్పునాడు కొంత రక్తము పోవుట సహజము. ముందే రక్తము చాలని స్త్రీకి ఆ కొంతయే ప్రాణముమీదికి తేగలదు.

ఇక ఎవరి పని ఏదో విచారింతము. మైదాన ప్రాంతమున 5,000 జనులకు, కొండ ప్రాంతమున 3,000 జనులకు ఒక ఉపకేంద్రముండవలెనని ప్రభుత్వ నియమము. అందు ఏ.ఎన్‌.ఎం. నర్సు ఉండును. 2005లో వచ్చిన ఏర్పాటు ననుసరించి సుమారు 1,000 జనులకొక ఆశా కార్యకర్త కలదు. గర్భమును గుర్తించి నమోదు చేయుట, బరువు తూచుట, రక్తపోటు కొలుచుట, రక్తములో హిమోగ్లోబిన్ చూచుట, మూత్రపరీక్ష, ధనుర్వాతపు టీకా, మాత్రలు, ఆహార విషయమున సలహా: ఇందులో దేనికిని అంతస్తుల భవనము అక్కఱలేదు. ఇంటి చెంత, తెలిసిన మనిషి చేతిమీదుగా జరిగినప్పుడే ఇవి క్రమము తప్పక జరుగును. స్కానింగు, మున్ను శస్త్రచికిత్స జరిగిన స్త్రీ సంగతి, కవలలు, గుండెజబ్బు, మధుమేహము, మాయ క్రిందికి దిగియుండుట మున్నగునవి వైద్యురాలి పని.

గర్భకాలమున కనీసము 8 మారులు పరీక్ష జరుగవలెననియు, మొదటిది 12 వారములలోపల కావలెననియు 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. ఎనిమిది మారులును పట్టణమునకు పోవలెనన్నచో కూలి పోగొట్టుకొనువారు మానుకొందురు. కలిమి గలవారు వరుసలలో అలసిపోవుదురు. ఆస్ట్రేలియాలో ప్రమాదము తక్కువగానున్న గర్భిణిని చాల మారులు ఇంటిదగ్గరి వైద్యుడే చూచును; కొన్ని నిర్ణీత వేళలందు మాత్రము ఆమె ఆసుపత్రికి పోవును. ఆ యేర్పాటునకు ఆధారము ఆమె చేతనుండు పత్రము. ఇద్దరును దానియందే వ్రాయుదురు.

అట్టి పత్రము మనకును కలదు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు అనునది అదియే. దాని విలువ యెట్టిదో ఒక్క ఉదాహరణముచేత తెలియును. ఎనిమిదవ నెల దాటిన యువతిని వైద్యురాలు మొదటిసారి చూచుచున్నదనుకొందము. రక్తపోటు 136/86. ప్రమాదపు గుర్తుగా ఎంచు 140/90కి ఇంకను లోపలనే యున్నది గనుక ఆ ఒక్క లెక్క ఎవరిని బెదరింపదు. కాని నాలుగవ నెలలో అది 100/60 అని, ఏడవ నెలలో 116/74 అని కార్డు చెప్పినచో, అడుగడుగున ఎక్కుచున్న ఆ వరుసను చూచి వైద్యురాలు జాగరూకురాలగును. మూత్రమున మాంసకృత్తులు చూచును. నాలుగు దినములలో మరల రమ్మనును. మనవారు గుర్రపువాతమని పిలుచు మూర్ఛవ్యాధి తఱచుగా ఇట్లే మెల్లగా సమీపించును. చివరి లెక్క ఆసుపత్రిది. దానికి అర్థము చెప్పు వెనుకటి లెక్కలు గ్రామపు నర్సువి.

ఈ త్రాడు తెగుచోటు మన యాచారమునందే యున్నది. తొలికాన్పు పుట్టింట జరుగవలెనను సంప్రదాయము మంచిదే. తల్లి చెంత కూతురికి కలుగు ధైర్యమునకు సాటిలేదు. కాని తణుకు ప్రాంతమున మెట్టిన యువతి సత్తుపల్లి ప్రాంతమందలి పుట్టింటికి ఏడవ నెలలో పోయినదనుకొందము. నర్సు మాఱును, ఆసుపత్రి మాఱును, రాష్ట్రమే మాఱును. చీరలు, గాజులు, సారె అన్నియు బండి యెక్కును. కార్డు అత్తవారింటి బీరువాలో నిలిచిపోవును. అత్తవారి యూర ఆమె పుట్టింటికి పోయినదందురు; పుట్టినూర ఆమె వచ్చినట్లు ఎవరికిని తెలియదు. ప్రమాదము పెరుగు ఆ చివరి మాసములలోనే ఆమె ఎవరి లెక్కలోను లేక పోవును. ప్రైవేటు ఆసుపత్రికి పోవు సంపన్న గృహములందు మఱియొక చిక్కు. అచ్చటి కాగితములు వేఱు. నర్సు వ్రాసిన కార్డును అచ్చట చూపుటకే కొందఱు నామోషీపడుదురు.

నర్సుకు అప్పగించిన సంరక్షణము రెండవ తరగతిది కాదా యని కొందఱనవచ్చును. హద్దులు నిర్ణయింపక అప్పగించినచో అట్లే యగును. హద్దులు వ్రాతపూర్వకముగ నున్నచో కాదు. 2016నుండి ప్రతి నెల 9వ తేదీని ప్రభుత్వ వైద్యశాలలందు గర్భిణులను వైద్యులు పరీక్షించి, ప్రమాదము గలవారి కార్డుకు ఎఱ్ఱగుర్తు అంటించు ఏర్పాటు కలదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము కరీంనగరమున మంత్రసాని విద్యయందు నర్సులకు ప్రత్యేక శిక్షణము నారంభించెను. 2018లో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని అట్టి మార్గదర్శకములను వెలువరించెను. నేర్చిన నర్సుకు తన హద్దు తెలియును. వైద్యులు చేయవలసినదియు ఒకటి కలదు: నర్సు పంపిన స్త్రీని చూచినపిమ్మట, తాము కనుగొన్నదానిని, నర్సు ఇకముందు చూడవలసినదానిని రెండు పంక్తులైన కార్డుమీద వ్రాసి పంపవలెను. ఆ రెండు పంక్తులు లేనిచో ఇద్దరు చూచుచున్నారన్న మాట పేరునకే మిగులును.

గృహస్థులు చేయదగినవి పెద్ద పనులు కావు. నెల తప్పినది మొదలు మూడు నెలలలోపల నమోదు చేయింపుడు. కోడలిని పుట్టింటికి పంపునప్పుడు కార్డును ఆమె చేతికిచ్చి పంపుడు. ఈ యూరి నర్సుకు చెప్పి, ఆ యూరి నర్సుకు ఆ దినమే తెలియజేయుడు. ప్రైవేటు వైద్యురాలిచేతనైనను కార్డుమీదనే వ్రాయింపుడు. పంచాయతీయందు మాట చెల్లువారు తమ ఉపకేంద్రమున రక్తపోటు యంత్రము సరిగా పనిచేయుచున్నదా, ఇనుము మాత్రలు నిలువ యున్నవా, నర్సు పదవి ఖాళీగానున్నదా యని విచారింపుడు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, రక్తస్రావము, ఉమ్మనీరు పోవుట, శిశువు కదలిక తగ్గుట, జ్వరము: వీనిలో ఏది కనబడినను పగలు రాత్రి చూడక, నర్సు రాకకై వేచియుండక, 108కి పిలిచి ఆసుపత్రికి తీసికొనిపొండు.

మనయింట కాన్పు జరుగవలసిన ఆసుపత్రి యేదో ముందే నిశ్చయించుకొనుచున్నాము. అంతవరకు నెలనెలకు ఆమెను చూచువారెవరో, వారు చూచినది ఆ ఆసుపత్రికెట్లు తెలియునో గూడ అంత శ్రద్ధగనే నిశ్చయించుకొనవలెను. ఈ రెండవ నిశ్చయమునకు ధనము అక్కఱలేదు. ఒక కార్డును భద్రముగ ఉంచుట, ఇద్దరు నర్సులకు సకాలమున ఒక మాట చెప్పుట చాలును.