అప్‌గ్రేడ్ అయ్యాక డిస్కులు కనబడడం లేదా?

పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి, మూడు నాలుగు హార్డ్ డిస్కులను రెయిడ్‌గా కలిపి, పెళ్లి వీడియోలూ పిల్లల ఫొటోలూ ఇండియాలోని తాతయ్యల గొంతులూ అందులో దాచుకున్నవాళ్లు మనలో ఉన్నారు. సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసిన రాత్రి ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నిజానికి చాలాసార్లు డేటా ఎక్కడికీ పోదు. ఎమ్‌డీ0 అని ఉన్న పేరు ఎమ్‌డీ127గా మారిపోయి ఉంటుంది, అంతే.

డిస్కు టక్ టక్‌మని శబ్దం చేస్తుంటే మాత్రం దాన్ని ఇక కదిలించకండి. ముందు డీడీరెస్క్యూతో వేరే డిస్కులోకి నకలు తీయండి.

తర్వాత ఎమ్‌డీఆడ్మ్‌లోని ఎగ్జామిన్ ఆదేశంతో ఒక్కో డిస్కులో ఈవెంట్ల సంఖ్య చూడండి. అన్నీ సమానంగా ఉంటే అసెంబుల్ సరిపోతుంది. కొద్దిపాటి తేడా ఉంటే అసెంబుల్‌కు ఫోర్స్ జోడించాలి. బాగా వెనకబడిన డిస్కును పక్కన పెట్టండి. రెయిడ్ 5 ఒక డిస్కు లేకున్నా నడుస్తుంది, రెండు లేకపోతే నడవదు.

నెట్‌లో ఎవరో చెప్పారని క్రియేట్ ఆదేశం కొట్టకండి. అది డిస్కుల మీదున్న పాత వివరాలను చెరిపి కొత్తవి రాస్తుంది. పాత వెర్షన్‌లో డేటా మొదలైన చోటు, కొత్త వెర్షన్ అనుకునే చోటు ఒకటి కాకపోవచ్చు. డిస్కుల వరుస తప్పినా అంతే సంగతులు.

రెయిడ్ లేచాక రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, ముందు ఫొటోలు బయటికి తీసుకోండి. ఎఫ్‌ఎస్‌సీకే ఆ తర్వాతే. ఆఖరున రెయిడ్ వివరాలను ఎమ్‌డీఆడ్మ్ కాన్ఫిగ్ ఫైలులో రాసి, ఉబుంటూ, డెబియన్ వాడేవాళ్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను అప్‌డేట్ చేస్తే రీబూట్ తర్వాత పాత పేరే వస్తుంది.