గర్భం రాకపోతే నింద కాదు, పరీక్ష కావాలి

గేదె చూడి కట్టకపోతే పశువైద్యుణ్ణి పిలిచి కారణం తెలుసుకుంటాము. కోడలికి గర్భం రాకపోతే మాత్రం డాక్టరు కంటే ముందు నింద వస్తుంది. ఇది అన్యాయం. లోపం భర్తలోనూ ఉండవచ్చు.

దంపతులు కలిసి కాపురం చేస్తూ ఏడాది గడిచినా గర్భం రాకపోతే ఇద్దరూ డాక్టరును చూడాలి. స్త్రీకి 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి.

మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దాని హార్మోన్ల వల్ల అండం పక్వమై, రాబోయే ముట్టుకు సుమారు 14 రోజుల ముందు విడుదలవుతుంది. ఆపైన ప్రొజెస్టిరాన్ అనే హార్మోను గర్భసంచి లోపలి పొరను పిండం నిలిచేందుకు సిద్ధం చేస్తుంది. ముట్టు రెండు మూడు నెలలకొకసారి వస్తుంటే అండం సరిగా విడుదల కావడం లేదని అనుమానించాలి. థైరాయిడ్ లోపం కూడా కారణం కావచ్చు. రక్తపరీక్షలో అది తెలుస్తుంది.

అండం విడుదలకు లెట్రోజోల్ లేక క్లోమిఫీన్ మాత్రలు సాధారణంగా ముట్టు మొదటి రోజులలో మొదలుపెట్టి 5 రోజులు ఇస్తారు. ఇవి స్వయంగా హార్మోన్లు కావు. పిట్యూటరీ చేత ఎక్కువ హార్మోను విడుదల చేయిస్తాయి. లెట్రోజోల్‌ను ఈ చికిత్సకు వాడరాదని మన దేశంలో 2011లో విధించిన నిషేధాన్ని 2017లో ఎత్తివేశారు.

ఈ మాత్రల వల్ల కవలలు కలిగే అవకాశం కొంత పెరుగుతుంది. గర్భనాళాలు మూసుకుపోయినా, భర్త వీర్యంలో కణాలు లేకపోయినా ఎన్ని మింగినా ప్రయోజనం లేదు. కాబట్టి పొరుగామె చీటీ చూపించి మందులు కొనకండి. ముందుగా భర్తకు వీర్యపరీక్ష చేయించండి. అది సులువైనది, ఖర్చు తక్కువ. కోడలిని ఒంటరిగా కాక, కొడుకును కూడా తోడిచ్చి పంపండి.