గిరిప్రదక్షిణ అనంతరం సముద్రతీర విశ్రాంతి

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచల గిరిప్రదక్షిణ చేసే భక్తులు సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన తిరుగుతారు. కొండ దిగువన తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెం తీరం చేరి సముద్రస్నానం చేస్తారు. అటుపై నగరం గుండా గోపాలపట్నం దాటి తిరిగి కొండ పాదానికి వస్తారు. మరునాడు పౌర్ణమి దర్శనం. మన శంషాబాదు ప్రాంతం నుండి వెళ్లినవారికి, ఇంటి పక్కనే విమానాశ్రయం ఉన్నది గనుక, దర్శనం కాగానే విమానమెక్కి సాయంత్రానికి ఇల్లు చేరాలనిపించడం సహజం. రాత్రంతా నడిచిన కాళ్లకు ఆ తొందర మేలు చేయదు. విశాఖకు ఉత్తరాన, గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం పరిసరాలలోని ఏ పల్లెలోనైనా రెండు రోజులు ఆగి రావడం ఉత్తమం.

అతిగా నడవడం, జాగరణ, ఉపవాసం వాతాన్ని పెంచుతాయని ఆయుర్వేదం చెబుతుంది. గ్రీష్మంలో సంచయమైన వాతం వర్షాకాలంలో ప్రకోపిస్తుంది. ఆషాఢం ఆ రెంటికీ సంధికాలం. అలవాటు లేని నడక వలన కండరాలలో కలిగే నొప్పి రెండవ, మూడవ రోజులలోనే అధికమవుతుందని ఆధునిక వైద్యులూ అంటారు. అందుకే రెండు రోజులన్నాము.

మొదట పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి. కాళ్లను దిండ్లపై ఎత్తుగా ఉంచి పడుకోవాలి. మరునాడు ఉదయం గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాలి నుండి మోకాలి వరకు పావుగంట మృదువుగా మర్దన చేసి, స్నానం చేయాలి. అల్లం, జీలకర్ర, సైంధవలవణం కలిపిన పలుచని మజ్జిగ, పెసరకట్టుతో మెత్తని అన్నం చాలును. అలసట తీరుతుందని విందుభోజనం చేయడం అజీర్ణాన్ని కొనితెచ్చుకోవడమే.

బొబ్బలను గుచ్చరాదు. శుభ్రపరచి గుడ్డకట్టు కట్టాలి. చితికిన బొబ్బపై నూనె, సున్నం పూయరాదు. ఉప్పునీరు పుండును మాన్పుతుందని పెద్దలంటారు గాని, సముద్రజలంలోని సూక్ష్మక్రిములు గాయంలో చేరితే, ముఖ్యంగా మధుమేహం, కాలేయవ్యాధి ఉన్నవారికి, ప్రాణాపాయం కలుగవచ్చు. గాయమున్నవారు ఒడ్డున కూర్చుని గాలి పీల్చుకుంటే చాలు. ఆషాఢంలో అలల ఉద్ధృతి కూడా ఎక్కువ. ఇక ఇసుకమూట కాపడం (వాలుకాస్వేదం) కీళ్ల బిగువుకు మంచిదే. అయితే పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహరోగులు దీని జోలికి పోరాదు, కాలినా తెలియదు.

రెండు కాళ్లూ సమానంగా కొద్దిగా వాయడం సాధారణం. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పిపెడితే రక్తనాళంలో గడ్డ ఏర్పడి ఉండవచ్చు. అప్పుడు మర్దన చేయరాదు, విమానమెక్కరాదు. వెంటనే వైద్యుని చూడాలి. ఆయాసం, ఛాతీనొప్పి తోడైనా, మూత్రం కషాయం రంగులో వచ్చినా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

ఇవేవీ లేనివారు తిరుగు ప్రయాణంలో తగినంత నీరు త్రాగుతూ, సీటులో కూర్చునే చీలమండలను తరచుగా పైకీ క్రిందికీ ఆడించాలి. శంషాబాదులో దిగాక బయటికి చాలా దూరం నడవాలి గనుక, వృద్ధులకు చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు తీసుకునేటప్పుడే చెప్పి ఉంచాలి.