ఇంటిలో తిరుగు కుందేలు: అపాయములు, జాగ్రత్తలు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో అర్పా నది యొడ్డున నున్న బిలాసపూరు రైల్వే పట్టణముగా పేరు వడసినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు అది పెద్ద కూడలి. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు అదియే ప్రధాన కార్యాలయ స్థానము. రైల్వే కొలువులను అనుసరించి ఆంధ్రదేశమునుండి వెళ్ళిన తెలుగు కుటుంబములు అక్కడ తరతరములుగా నివసించుచున్నవి.

అట్టి కుటుంబము నివసించు ఒక రైల్వే క్వార్టరును తలచుకొందము. రెండు గదులు, ఒక వసారా, వెనుక చిన్న పెరడు. పిల్లల కోరికపై ఆ ఇంటికి ఒక తెల్లని కుందేలు వచ్చినది. మొదట దానిని ఇనుపతీగల పంజరములో ఉంచిరి. కొన్ని దినములకు ఇంటి ఇల్లాలికి జాలి కలిగి, పంజరపు తలుపు తీసి విడిచిపెట్టినది. ఆమె చేసినది మంచి పనియే. తీగల అడుగుపై నిలిచిన కుందేటి పాదములు పుండ్లగును. కదలిక లేనిచో ఎముకలు బలహీనపడును. కదలుటకు చాలినంత చోటు లేని పంజరములో ప్రాణిని బంధించుట 1960వ సంవత్సరపు జంతుహింసా నిరోధక చట్టము ననుసరించి నేరము కూడ. అయినను తలుపు తీయుటతో ఇంటివారి బాధ్యత తీరిపోలేదు. అప్పుడే అది ఆరంభమైనది.

పొలములలో పరుగులిడు మన అడవి కుందేలు వేరు, ఇంట పెంచునది వేరు. అడవి కుందేలు బొరియ త్రవ్వదు. దానిని పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఇంటి కుందేలు స్పెయిను ప్రాంతపు బొరియ కుందేటి సంతతిది. నేలను త్రవ్వుట, అడ్డువచ్చిన వేళ్ళను కొరుకుట, ఇరుకు సందులలో దాగుట దాని జన్మస్వభావములు. ఎంత దండించినను ఆ స్వభావము మారదు. కావున మారవలసినది ఇల్లే.

అందుకు మొదట చేయవలసిన పని చాల సులభమైనది. ఇంటి పెద్ద నేలపై మోకరిల్లి, కన్నును జానెడెత్తున నుంచి, ప్రతి గదిని ఒకసారి చుట్టి చూడవలెను. నిలుచున్నవారి కంటబడని వస్తువులెన్నో అప్పుడు కానవచ్చును.

వానిలో ముఖ్యమైనది విద్యుత్తు తీగ. కుందేటి ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. సంవత్సరమునకు సుమారు 10 సెంటీమీటర్లు పెరుగును. వానిని అరగదీయుటకు అది ఏదో ఒకటి కొరుకవలసినదే. వ్రేలాడు తీగ దానికి వేరువలెనే తోచును. బిలాసపూరులో వేసవి రాగానే ఇంటింట కూలరు తిరుగును; దాని తీగ నేలపై ప్రాకుచుండును. ఆ తీగలో 230 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. కావున తీగలను గోడవెంట రెండు మూరల యెత్తున బిగింపవలెను. అది సాధ్యము కానిచోట గట్టి ప్లాస్టిక్ గొట్టములో దూర్చవలెను. మెత్తని రబ్బరు తొడుగు చాలదు. దానిని కుందేలు క్షణములో కొరికివేయును.

ఒకవేళ కుందేలు తీగను కొరికినచో ముందుగా మెయిన్ స్విచ్చి ఆర్పవలెను. ఆర్పకమునుపు దానిని ముట్టుకొన్నవారికిని ప్రాణాపాయము కలుగును. తరువాత అది తేరుకొన్నట్లు కనబడినను పశువైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. కొన్ని గంటలు గడచినపిదప ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును.

రెండవది విషము. ఎలుకల మందు, కలరా ఉండలు, ఫినాయిలు, దోమల చుట్టలు దానికి అందరాదు. కుందేటికి వాంతి చేసికొను శక్తి లేదు. మ్రింగిన విషము లోపలనే నిలుచును. పెరటిలోని గన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు, కుండీలలో పెంచు మనీప్లాంటు హాని చేయునవే. కుక్కల పిడుదులకు వాడు ఫిప్రోనిల్ మందును కుందేటికి ఎన్నడును పూయరాదు.

మూడవది నునుపు నేల. కుందేటి అరికాలికి కుక్కకు వలె మెత్తలుండవు, వెండ్రుకలు మాత్రమే యుండును. నున్నని పలకరాళ్ళపై కాళ్ళు జారి కీళ్ళు దెబ్బతినును. అది తిరుగు త్రోవలో చాపగాని, నూలు జంపఖానాగాని పరచవలెను. దాని వెన్నెముక మిక్కిలి సున్నితమైనది. చెవులు పట్టి ఎత్తినచో అది గింజుకొని తన్నును. ఆ తన్నుడుకే వెన్ను విరుగవచ్చును. ఒక చేయి రొమ్ము క్రిందను, ఒక చేయి వెనుకకాళ్ళ క్రిందను ఉంచి ఎత్తవలెను. పిల్లలు నేలపై కూర్చుండియే దానిని నిమురుట మేలు.

నాలుగవది ఎండ. బిలాసపూరులో మే మాసమున వేడి 45 డిగ్రీలకు చేరుట కలదు. కుందేలు 30 డిగ్రీలు దాటగానే బాధపడును. దానికి చెమట పోయదు. వేడి ముఖ్యముగా చెవులద్వారానే వెలుపలికి పోవును. పగటివేళ దానిని ఇంటిలోని చల్లని గదిలో నుంచి, వెడల్పైన మట్టిపాత్రలో నీరు పెట్టవలెను. కరెంటు పోయినప్పుడు గడ్డకట్టిన నీటిసీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన నుంచవచ్చును. అది ఒగర్చుచు చతికిలబడినచో చెవులను చల్లని నీటితో తడిపి వైద్యునియొద్దకు పరుగెత్తవలెను, మంచునీటిలో ముంచరాదు.

అయిదవది ద్వారము. వీధికుక్క, పిల్లి, ముంగిస లోనికి రాకుండ పెరటి తలుపునకు సన్నని ఇనుపజాలి బిగింపవలెను. నీటితొట్లపై మూతలుండవలెను. దీపావళి బాణసంచా చప్పుడునకు కుందేలు హడలిపోవును. కావున ఒక చెక్కపెట్టెకు రెండు ద్వారములు చేసి, గడ్డి పరచి, దాగుటకు చోటు కల్పింపవలెను. త్రవ్వుటకు మట్టి నింపిన తట్ట యొకటి, మలమూత్రములకు మూలనొక పళ్ళెము ఉంచినచో ఇల్లును శుభ్రముగా నుండును.

దాని ఆహారములో అధికభాగము గడ్డియే కావలెను. గరిక, ఎండుగడ్డి ఎల్లప్పుడు అందుబాటులో నుండవలెను. బుధవారీ బజారునుండి తెచ్చిన ముల్లంగి ఆకు, కొత్తిమీర కడిగి పెట్టవచ్చును. క్యారెట్టు చిన్నముక్క చాలును. అన్నము, రొట్టె, ఉల్లి, చాక్లెటు పనికిరావు. కుందేలు తన రోగమును దాచుకొను ప్రాణి; అరచి చెప్పదు. పన్నెండు గంటలు మేత ముట్టకున్నను, పెంటికలు వేయకున్నను అది నిద్రమత్తు అనుకొని ఊరకుండరాదు. ఆ స్థితిలో మరునాటి ఉదయమువరకు ఆగుట దాని ప్రాణమునకే ముప్పు.

ఇంటివారి ఆరోగ్యమునుగూర్చియు ఒక మాట. కుందేటి చర్మమునుండి తామర మనుష్యులకు అంటుకొనవచ్చును. దానిని ముట్టిన పిమ్మట, పళ్ళెము శుభ్రము చేసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. వంటగదిలోనికి దానిని రానీయరాదు. గీరినచోట వెంటనే కడిగి, వాపు కనబడినచో వైద్యునికి చూపవలెను.

ఈ జాగ్రత్తలన్నియు ఒక మూగజీవి కొరకేనా యని కొందరికి తోచవచ్చును. మోకరిల్లి చూచినప్పుడు కనబడిన వ్రేలాడు తీగ, మూతలేని తొట్టి, మంచముక్రింది ఎలుకలమందు మరల గుర్తుచేసికొనవలెను. ఇంటిలో ప్రాకు పసిబిడ్డ కన్నును ఆ జానెడెత్తుననే యుండును. కుందేటికొరకు సరిదిద్దిన ఇల్లు ఆ బిడ్డకును క్షేమమైన ఇల్లగును.