మర్యాదాచిత్రములు – సంబోధన సమస్య

రెండవ ప్రపంచ సంగ్రామానంతరము అమెరికాలో కౌమారవయస్కులకు నడవడి నేర్పుటకై లఘుచిత్రములు పాఠశాలలలో విరివిగా ప్రదర్శింపబడినవి. బిడియస్థుడగు బాలుడు తోడివారితో మెలగ నేర్చుకొనుట ఇతివృత్తముగాగల కరోనెట్ సంస్థవారి 'షై గై' (1947) అట్టిది.

ఆంగ్లమున మధ్యమపురుషకు 'యూ' ఒక్కటే చాలును. తెలుగున 'నీవు', 'మీరు' అను భేదము కలదు. 'రా', 'రండి' యని క్రియయు దాని ననుసరించును. కావున అట్టి చిత్రమును తెనిగించునపుడు దృశ్యము మారకున్నను, ఎవరు ఎవరిని ఎట్లు పిలువవలెనో అనువాదకుడే నిర్ణయింపవలెను.

అండమాన్ నికోబార్ దీవులలో ఈ చిక్కు నిత్యజీవితమందే కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అచ్చటివారిలో సుమారు 13 శాతము తెలుగువారు. భిన్నభాషీయుల నడుమ వాడుకభాష హిందీ. అందు 'తూ', 'తుమ్', 'ఆప్' అని మూడంతరువులు. పాఠశాలలో పెద్దలను 'ఆప్' అనవలెనని నేర్చిన బాలుడు ఇంట తల్లిని 'నువ్వు' అనును. ఇది అమర్యాద కాదు, చనవు. దీనిని తప్పని దిద్దినచో బాలుడు మర్యాద నేర్వడు. మాతృభాషయే మోటదని తలచును.

కరచాలనమును తెర నేర్పగలదు. సంబోధనలోని చనువును, గౌరవమును ఇంటిభాషయే నేర్పవలెను.