రూటరు చెప్పే మాట వినండి

రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్‌లో నివసించేవారికి ‘లైన్ క్లియర్’ అంటే వివరించనక్కరలేదు. పక్క స్టేషను సమ్మతి లేనిదే బండి కదలదు. 2003 ఏప్రిల్ 1న ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊరిలో, కార్యాలయాల కంప్యూటర్ల నడుమ సమాచారం కూడా ఇటువంటి పరస్పర అంగీకారంపైనే నడుస్తుంది. ఆ బాధ్యతను నిర్వహించేది రూటరు.

తమకు తెలిసిన మార్గాలను రూటర్లు పరస్పరం తెలుపుకొనే నియమావళినే రూటింగ్ ప్రొటోకాల్ అంటారు. సంస్థల అంతర్గత నెట్‌వర్కులలో విరివిగా వాడే ఓ.ఎస్.పి.ఎఫ్. విధానంలో, ఈథర్‌నెట్‌పై సాధారణంగా 10 సెకండ్లకు ఒక ‘హలో’ వెళుతుంది. 40 సెకండ్లపాటు అది అందకపోతే, పొరుగు రూటరు లేనట్లు భావించి, దాని మీదుగా పోయే మార్గాలను తొలగిస్తారు. అప్పుడే ‘డెడ్ టైమర్ ఎక్స్‌పైర్డ్’ అన్న సందేశం వెలువడుతుంది.

ఇది జ్వరం వంటిది, కారణాన్ని వెదకాలి. ముందుగా కేబులును, కనెక్టర్లను పరీక్షించాలి. పిమ్మట హలో వ్యవధి, ఏరియా సంఖ్య, సబ్‌నెట్ మాస్క్, సంకేతపదం రెండువైపులా ఒకటేనా అని సరిచూడాలి. పొరుగు సంబంధం ‘ఎక్స్‌స్టార్ట్’ దశలోనే నిలిచిపోతే, ఎం.టి.యు. కొలతను అనుమానించాలి. ఒకవైపు 1500, మరోవైపు 9000 ఉన్నా చిన్నవైన హలోలు దాటిపోతాయి. తరువాతి ప్యాకెట్లలో తనకంటే పెద్ద కొలత కనిపించగానే రూటరు వాటిని తిరస్కరిస్తుంది.

సిస్కో రూటర్లలో సందేశాల తీవ్రతను 0 నుండి 7 వరకు సూచిస్తారు. సంఖ్య తగ్గేకొద్దీ తీవ్రత హెచ్చు. పొరుగు తెగిన వార్త 5వ స్థాయిలో, సాధారణ సూచనగా మాత్రమే వస్తుంది. అంకెను చూసి ఉపేక్షిస్తే ఒక కార్యాలయమంతా స్తంభించవచ్చు.

తొందరపడి రూటరును ఆపి తిరిగి ప్రారంభించడం తగదు. తాత్కాలిక మెమరీలోని సందేశాలు చెరిగిపోయి, కారణం తెలియకుండానే పోతుంది. అందుచేత వాటిని వేరొక సర్వరులో భద్రపరచాలి. అన్ని రూటర్ల గడియారాలూ ఒకే సమయం చూపాలి.

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సేవలు దాదాపు ఆరు గంటలు నిలిచిపోయాయి. నిర్వహణలో ఇచ్చిన ఒక ఆదేశం ప్రధాన అనుసంధానాన్ని తెంచగా, దాని ఫలితంగా బి.జి.పి. మార్గ ప్రకటనలు ఉపసంహరింపబడ్డాయి. మరమ్మతుకు వాడే అంతర్గత సాధనాలు సైతం పనిచేయలేదు. నెట్‌వర్కు పటం కాగితంపై కూడా ఉండాలనడానికి ఇంతకన్నా నిదర్శనం వేరే అక్కరలేదు.

కౌంటరు వద్ద ‘లింకు లేదు’ అన్నపుడు నిరీక్షించేది మన కుటుంబసభ్యులే. కనుక ప్రతి సందేశాన్నీ, దానికి చేసిన చికిత్సనూ రిజిస్టరులో నమోదు చేయడం అలవరచుకుందాం. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న సహోద్యోగికి ఆ పుటే తోడవుతుంది.